గోటి గాటు పడ్డ లవంగం

ఏటా నవంబరులో, నేను ఇంకా బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి పింఛను కచేరీకి వెళ్తాను. ఈసారి వరుసలో నా ముందు మా పాత టైపిస్టు నిలబడి ఉంది. వరంగల్లు సుబేదారిలో ఒకే కచేరీలో, ఒకే పంకా కింద పన్నెండేళ్లు పనిచేసిన వాళ్లం ఇద్దరం. చేతిలో కాగితాలతో విసురుకుంటూ వెనక్కి తిరిగి, "మన పాన్ మామ పోయిండట, ఎరికేనా?" అంది.

"ఎప్పుడు?"

"రెండు నెలలాయెనట. నాకూ నిన్ననే తెలిసింది."

అంతలో వరుస కదిలింది. ఆమె సంతకం పెట్టింది, నేనూ పెట్టాను. ఇద్దరం బతికే ఉన్నామని తేలింది. ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం.

ఆయనకు ఆప్తమిత్రుణ్ని నేనే అని చాలా చోట్ల చెప్పుకున్నాను. కాదు. ఆయన ఇల్లు ఎక్కడో కూడా నాకు తెలియదు. కొత్తవాడ వైపు అని విన్నాను, వాళ్లది మగ్గం నేసిన కుటుంబమనీ విన్నాను. పేరు మాత్రం తెలుసు, కానీ ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవలేదు. మా కచేరీ వాళ్లందరికీ పాన్ మామే. కలెక్టరు కూడా కారు ఆపి "మామా" అనేవాడు. అంటే, కలెక్టరు కాదు. కలెక్టరు డ్రైవరు.

కచేరీ గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల ఆయన చెక్క డబ్బా. రేకు కప్పు, లోపల ఇత్తడి పళ్లెం, పళ్లెం మీద తడి ఎర్రగుడ్డ, గుడ్డ కింద తమలపాకులు. పగటి తిండి వేళకు ఆ డబ్బా ముందు రెండు వందల మంది నిలబడేవారు. సరే, నలభై మంది. వానాకాలంలో పదిహేను.

ఆయన పనిలో మాట ఉండేది కాదు. ఆకు చేతిలోకి తీసుకున్నాక మడిచేదాకా పెదవి కదిపేవాడు కాదు. ముందు మన మొహం చూసేవాడు. నోరు పూసిన మనిషిని బుగ్గ చూసి పట్టేసి సున్నం తగ్గించేవాడు. రాత్రి నిద్ర లేని మనిషికి సోంపు ఎక్కువ వేసేవాడు. "నాకేమైందని సోంపు ఎక్కువేసినవు మామా?" అని అడిగితే జవాబు రాదు. పాన్ మడిచి, పైన లవంగం గుచ్చి, మన చేతిలో పెట్టాకే నోరు తెరిచేవాడు.

ఆ లవంగం దగ్గరే మనిషి మారిపోయేవాడు. ఆయన కుడిచేతి బొటనవేలి గోరు పొడుగ్గా, కాచు పట్టి ఎర్రగా ఉండేది. గుచ్చబోయే ముందు ప్రతి లవంగం నడుమునా ఆ గోటితో ఒక్క నొక్కు నొక్కేవాడు. నూనె తడి గోటికి తగిలితే సరే, తగలకపోతే ఆ లవంగం రోడ్డు మీద పడేది. అంటే ఆయన గుచ్చిన ప్రతి లవంగానికీ నడుమున సన్నటి గాటు ఉండేది. మిఠాయి కొట్టువాడు డబ్బా మీద ముద్ర వేసుకున్నట్టు. ఈ గాటును వరంగల్లులో మొట్టమొదట గమనించింది నేనే అని రాద్దామనుకున్నాను. గమనించింది నేను కాదు. ఎవరో, ఎట్లాగో, చెప్తాను.

హోల్‌సేల్ దుకాణం నుంచి లవంగాలు తెచ్చిన రోజు ఇంకో తంతు. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి గుప్పెడు లవంగాలు వదిలేవాడు. నూనె ఉన్నవి కొన్ని మునిగేవి, కొన్ని తల పైకి పెట్టి నిలబడేవి. నూనె పిండేసిన మోసపు లవంగాలు నీళ్ల మీద అడ్డంగా తేలేవి. "నిలబడ్డది లవంగ, పండుకున్నది పుల్ల" అనేవాడు. పండుకున్నవి లెక్కకు పావు వంతు దాటితే మొత్తం పొట్లం కట్టుకుని వెనక్కి ఇచ్చి వచ్చేవాడు.

ఆయన పేపరు చదివేది ఏడాదికి ఒక్క రోజు, బడ్జెట్ మరునాడు. మేమందరం సిగరెట్టు ఎంత పెరిగింది, పెట్రోలు ఎంత పెరిగింది అని చూసుకుంటుంటే, ఆయన లోపలి పేజీలో చిన్న అక్షరాల మీద ఆ ఎర్రటి గోరు పెట్టి వెతికేవాడు. డెబ్బైల చివర ఒక ఏడాది అట్లా వెతికి, గోరు ఒకచోట ఆపి, పేపరు మడిచేశాడు.

"ఇగ లవంగ పిరమైతది" అన్నాడు.

మన దగ్గర వాడే లవంగం చాలావరకు బయటి దేశాల నుంచి ఓడ మీద వచ్చేదని, దాని మీద రేవులో దిగుమతి సుంకం వేస్తారని వరంగల్లులో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు ఆయన, రెండోవాణ్ని నేను. నాకు ఎప్పుడు తెలిసిందంటే, ఆయన చెప్పినప్పుడు.

రేవులో పెరిగిన ధర మా ఊరు చేరేసరికి ఎండలు ముదిరాయి. అంత దూరం వచ్చింది కదా, దారిలో చిక్కిపోయిందా అంటే లేదు, లావెక్కి వచ్చింది. పావలా పాన్ ముప్పై పైసలైంది, దసరాకు ముప్పై ఐదు, ఆ పైన నలభై. నలభై అన్న రోజు మా హెడ్ క్లర్కు ఆయన మీదికి లేచాడు.

"సుంకమంటే బయటి దేశమోడు కడ్తడు. మధ్యల నువ్వెందుకు పెంచుతానవ్ మామా?"

"బయటి దేశమోడు కడితె నీ పాన్ ఎట్ల పిరమైంది సార్?"

"అదే నేను అడిగేది!"

పాన్ మామ చేతిలోని ఆకు కింద పెట్టాడు. ఆకు తీసుకున్నాక ఆయన మాట్లాడటం నేను చూసింది అప్పుడే.

"జర ఇను సార్. జహాజు రేవుకచ్చింది. గేటు కాడ సర్కారు చెయ్యి చాపింది. ఎవలు కట్టిండ్రు? తెప్పించుకున్న బొంబాయి సేటు కట్టిండు. ఆ సేటు తన పెండ్లాం నగలమ్మి కట్టిండా? లేదు. హైదరాబాద్ సేటు కాడ వసూలు చేసిండు. ఉట్టి సుంకమే కాదు, సుంకం మీద తన లాభం గుడ. హైదరాబాదాయన మన బజారాయన కాడ, ఆ లాభం మీద ఇంకో లాభం. బజారాయన నా కాడ. మరి నేను ఎవల కాడ తీస్కోవాలె? నా ఎన్క రేకు ఉన్నది. ముంగట మీరున్నరు."

అందరూ నవ్వారు. హెడ్ క్లర్కు నవ్వలేదు, నలభై పైసలు ఇచ్చాడు.

అప్పుడు నేను సూటిగా ఒక ప్రశ్న వేశాను. మన కేరళలో కూడా లవంగం పండుతుంది కదా, అది ఓడ ఎక్కలేదు, రేవు చూడలేదు, దాని ధర ఎందుకు పెరగాలి అని. ఈ ప్రశ్నను నేను చాలా సభల్లో నా ప్రశ్నగానే చెప్పాను. అడిగింది టైపిస్టు. ఆమె పాన్ తినదు, మంచినీళ్ల కుండ కోసం అటు వచ్చింది.

"మంచిగడిగినవు బిడ్డా" అన్నాడు పాన్ మామ. "జహాజు లవంగ రూపాయి ఉన్ననాడు కేరళాయన ముప్పావలకు అమ్మిండు. జహాజుది రెండు రూపాయలైనంక ఆయనకు ముప్పావల ఏం సరిపోతది? రూపాయిన్నర అంటాండు. పక్కింట్ల మంట లేసింది, ఈయన ఇంట్ల కూసోని చలి కాగుతాండు."

"మరి సర్కారుది తప్పేనా?"

"తప్పంటలేను బిడ్డా. రోడ్డేస్తరు, దవాఖాన పెడ్తరు. పైసలు కావాలె. గని నా జేబుల చెయ్యి పెట్టేటప్పుడు నాకు చెప్పి పెట్టాలె. గీ పెట్టుడు ఎవలకూ కనబడది. మీకు నేనొక్కన్నే కనబడ్త. అందుకే మీరు నన్ను తిడ్తాండ్రు."

కోపంగా అనలేదు. వాన పడేట్టుంది అన్నట్టు అన్నాడు. మళ్లీ ఆకు తీసుకుని నోరు మూసుకున్నాడు.

ఆ చలికాలంలోనే నాలుగు అడుగుల దూరంలో కొత్త డబ్బా వెలిసింది. నాలుగు కాదు, నలభై అడుగులు. దాన్ని పెట్టిన కుర్రవాడు తెలివైనవాడు. లవంగం బదులు చీపురు పుల్ల ముక్క గుచ్చాడు, పాన్ పావలాకే ఇచ్చాడు. పుల్లకు సుంకం లేదు కదా. సంక్రాంతి దాటేసరికి మామ డబ్బా ముందు నిలబడే నలభై మందిలో ఇరవై మంది అటు పోయారు. ఉగాది నాటికి మేం పదిమందిమి మిగిలాం.

ఒక మధ్యాహ్నం నేను పాన్ కోసం వెళ్లేసరికి ఆయన భార్య సద్ది డబ్బా పట్టుకుని అక్కడ ఉంది. నన్ను చూసి ఆగలేదు, అనదలచుకుంది అంటూనే ఉంది.

"లోకమంత పుల్ల గుచ్చుతాంది. నువ్వు గుచ్చితె చెయ్యి ఇరుగుతదా?"

ఆయన ఇత్తడి పళ్లెం తుడుచుకుంటున్నాడు.

"ఈ నెల గుడ గిట్లనే అయితె డబ్బా అమ్మేసుడే. నర్సంపేటల మా అన్న పత్తి మిల్లు కాడ పని ఇప్పిస్త అన్నడు. మూటలు మోస్తవా ఈ ఈడుల?"

"మోస్త" అన్నాడు.

"లవంగ మీద గింత పానమెందుకయ్యా?"

"లవంగ మీద కాదే. గీ సార్లను సూడు. పదిహేను పైసలు ఎక్కువిచ్చి నా కాడికే అస్తాండ్రు. ఎందుకస్తాండ్రు? నోట్ల ఆ ఘాటు కావాలెనని. తినేటోడు ఒక్కడున్నా గుచ్చుత. తినేటోడు లేనినాడు సూద్దాం."

అని నా వైపు చూసి, "ఏమంటరు సార్?" అన్నాడు.

"అంతే మామా" అన్నాను. పాన్ తీసుకుని రోడ్డు దాటాను. గేటు లోపలికి వచ్చాక, వేప చెట్టు చాటున, పాన్ నుంచి లవంగం ఊడబెరికి జేబులోని అగ్గిపెట్టెలో వేసుకున్నాను.

ఇక్కడ దాచి లాభం లేదు. నేను ఆ లవంగాలను నమలడం మానేసి ఆరు నెలలైంది. బజారులో తులం లవంగాల ధర అడిగి మా ఆవిడ ఖాళీ సంచితో తిరిగి వచ్చిన రోజు నుంచి. రోజుకు ఒక లవంగం, ఒక్కోరోజు రెండు. ఆదివారం కూరకు సరిపోయేవి. పదిహేను పైసలు ఎక్కువిచ్చి మామ దగ్గర ఎందుకు కొన్నానంటే, ఆ పదిహేను పైసలకు బజారులో అంత మంచి లవంగం రాదు. పాన్ దండగ పడేది కాదు కూడా. నేనొక్కణ్నే ఇంత తెలివైనవాణ్ని అనుకునేవాణ్ని. తర్వాత చూస్తే కచేరీలో ప్రతి సొరుగులోనూ ఒక అగ్గిపెట్టె.

వైశాఖంలో మా చిన్నదాని పుట్టు వెంట్రుకలు తీయించి ఇంటి దగ్గర దావత్ పెట్టుకున్నాం. మా వైపు దావత్ అంటే ఆఖరున పాన్‌లు కట్టే మనిషి పళ్లెంతో సహా ఇంటికి వచ్చి కూర్చోవాలి. మామను పిలిచాను. ఐదు వందల మందికి వేటకూర. అరవై మంది. మా ఆవిడ ఆ కూర కోసం నాలుగు వారాలుగా ఆదివారం కూరల్లో లవంగం వేయకుండా కూడబెట్టింది.

మామ పందిట్లో ఒక మూల కూర్చుని అందరికీ పాన్‌లు కట్టాడు, అందరికీ లవంగం గుచ్చాడు. ఆఖరి బంతిలో ఆయన్ని కూర్చోబెట్టి నేనే పక్కన కూర్చున్నాను. మా ఆవిడ కూర వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దలో ఏదో తగిలి నోట్లోంచి తీశాడు. లవంగం. దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, విస్తరి అంచున పెట్టాడు. కాసేపటికి ఇంకొకటి. దాని పక్కనే. మూడోది. మూడింటినీ వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని నడుమూ చూశాడు. మూడింటికీ ఉన్న ఆ గోటి గాటును నేను చూసింది కూడా అప్పుడే.

మా ఆవిడ కంగారు పడింది. "ఏంది అన్నా, కూర మంచిగ కాలేదా?"

"మస్తున్నది చెల్లె. లవంగలు మంచియి. యాడ కొన్నరు?"

"కొనుడెక్కడిది అన్నా, గీ ధరల! ఈయన ఆఫీసు కాంచి తెస్తడు. దినాం ఒకటి, అగ్గిపెట్టెల."

"దినాం ఒకటా?"

"ఒక్కోనాడు రెండు."

ఆయన నా వైపు తిరగలేదు. నేను పప్పు వైపు చూస్తూ, చాలా ధైర్యంగా నిజం ఒప్పుకున్నాను. నేను ఒప్పుకున్న నిజం ఇది: "నేనొక్కన్నేనా మామా, అందరం గంతే."

"అందరా?"

"అందరు."

ఆయన విస్తరి అంచున ఉన్న మూడు లవంగాలనూ ఒక్కొక్కటే తీసి నోట్లో వేసుకుని నమిలాడు. కూరలో ఉడికిన లవంగంలో ఏం మిగులుతుంది. అయినా పూర్తిగా నమిలాడు. "కూర అయితే మంచిగున్నది చెల్లె" అని మా ఆవిడతో మళ్లీ అని, చెయ్యి కడుక్కుని, పళ్లెం సర్దుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పగటి తిండి వేళకు మేం పదిమందిమి డబ్బా ముందుకు చేరాం. మామ అందరికీ పాన్‌లు కట్టి పళ్లెంలో వరుసగా పెట్టి, "ఇయ్యాల తీస్కపోవుడు బందు. ఈడనే తినుండ్రి, నా ముంగట" అన్నాడు.

"ఏంది మామా, పరీక్షనా?" అన్నాడు హెడ్ క్లర్కు నవ్వుతూ. పాన్ తీసుకున్నాడు. మాట్లాడుతూనే రెండు వేళ్లతో లవంగం ఊడబెరికాడు. ఆ చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్లి అక్కడ ఆగింది. పక్కనున్న గుమస్తా చెయ్యీ జేబు దగ్గరే ఉంది. అందరి చేతులూ అక్కడే ఉన్నాయి. ఎవరూ కావాలని చేయలేదు. ఆరు నెలల్లో వేళ్లకు దారి అలవాటైపోయింది.

మామ అందరినీ ఒక చుట్టు చూశాడు. "మంచిది" అన్నాడు. అంతే.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ పదిమందిలో నేనూ ఉన్నానని చెప్తాను. నేను లేను. పదిమందిలో తొమ్మండుగురే వెళ్లారు. నేను కచేరీ కిటికీ దగ్గర, పరదా చాటున నిలబడి చూశాను. మాటలు తర్వాత హెడ్ క్లర్కు చెప్పగా విన్నవి. నా పక్కన టైపిస్టు నిలబడి, "ఏంది సార్, అందరు ఒక్కసారే గుండె మీద చెయ్యి పెట్టుకుంటాండ్రు?" అంది. నేను ఫైలు వెతుక్కుంటున్నట్టు వంగాను.

మంగళవారం మామ డబ్బాలో పుల్లలు ఉన్నాయి. సన్నగా, ఒకే పొడవుకు కోసి, గాజు గ్లాసులో నిలబెట్టి ఉన్నాయి. పాన్ పావలా. వారం తిరక్కుండా అటు పోయిన ముప్పై మందీ ఇటు వచ్చారు, ఎందుకంటే మొహం చూసి సున్నం వేసే చెయ్యి ఆ కుర్రవాడికి లేదు. నర్సంపేట మాట ఆయన భార్య మళ్లీ ఎత్తలేదు. డబ్బా నిలిచింది. అందరికీ మంచే జరిగింది, అగ్గిపెట్టెలకు తప్ప.

పాన్ రుచి తగ్గిందని ఒక్కరూ అనలేదు. పది రోజుల తర్వాత హెడ్ క్లర్కు మాత్రం మెల్లగా, "మామా, ధర ఎక్కువైనా సరే, లవంగ పాన్ ఒకటి కడ్తవా?" అని అడిగాడు.

"ఇంటికి సుట్టాలచ్చిండ్రా సార్?" అన్నాడు మామ.

ఆ వారంలోనే ఎప్పుడో బొటనవేలి గోరు కత్తిరించుకున్నాడు.

తర్వాతి ఏళ్లలో లవంగం ధర కొంత దిగింది. పుల్ల మాత్రం పోలేదు. పావలా పాన్ కూడా పుల్లతోనే మళ్లీ నలభైకి ఎక్కింది, ఈసారి ఆకు పేరు చెప్పి. "ధర ఎక్కేటప్పుడు ఏదో ఒక సాకు ఉంటది సార్. దిగుమంటె దానికి మొకమాటం" అన్నాడు. బడ్జెట్ మరునాడు పేపరు చదవడం మానేశాడని కూడా గమనించాను. ఒక్క ఏడాది నేనే పేపరు తీసుకెళ్లి ఇచ్చాను. పొట్లాలు కట్టుకోవడానికి బాగుందని తీసుకున్నాడు.

ఎనభైల నడుమ నన్ను కేసముద్రం మార్కెట్ యార్డు పనికి వేశారు. పెద్ద పదోన్నతి అని అందరికీ చెప్పాను. బదిలీ. పోయేముందు మామ దగ్గరికి వెళ్లాను. తిండి వేళ దాటిపోయింది, డబ్బా ముందు ఎవరూ లేరు.

"పోతాన మామా, కేసముద్రం" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. ఆకు తీసి, సున్నం, కాచు, వక్క, సోంపు అన్నీ వేసి మడిచాడు. చొక్కా లోపలి జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. అందులోంచి ఒక లవంగం తీసి గుచ్చాడు. ఆయన తన కోసం దాచుకుని తింటున్నాడని అప్పుడు అర్థమైంది.

"ఈడనే తినుండ్రి" అన్నాడు.

నా చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. నోరు తెరిచాను. ఆయనే పెట్టాడు. నమిలాను. లవంగం పంటికింద చిట్లి, నాలుక మీద నిప్పులా పాకి, చెవుల దాకా వెళ్లింది. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆయన మీద ప్రేమతో అని ఇంతకాలం చెప్పుకున్నాను, ఘాటుకు వచ్చాయి. నా దవడ కదులుతున్నంతసేపూ ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"పదిహేను పైసల లాయకు ఉన్నదా సార్?"

"ఉన్నది మామా" అన్నాను, నోరు నిండుగా.

"మరి గప్పుడు ఒక్కమాట చెప్పకపోతిరి."

నోట్లో పాన్ ఉందని, మాట్లాడలేనని వేలితో బుగ్గ చూపించాను. పాన్ అప్పటికే మింగేశాను.